రబ్బరు శాసనము

ఇరువది యేండ్లు నిండిన కారు రిజిస్ట్రేషనును పునరుద్ధరించుకొనుటకు అంతవఱకు పుచ్చుకొనుచుండిన 5,000 రూపాయల రుసుమును 10,000 చేసితిమని రోడ్డు రవాణా మంత్రిత్వశాఖవారు గెజిట్టులో ప్రకటించిన సంగతియు, జనులు పాతబండ్లపై మమకారము వదలుకొనవలెననియే ఈ హెచ్చింపనియు చదువరు లెఱిగినదే. ఆ వార్త నేను చదువుచున్న సమయమున, 2005లో కొన్న నా మారుతి 800 విజయవాడ ఆటోనగరులోని యొక షెడ్డునందు, ముందు చక్రములు రెండును ఊడి, స్టాండులపై ఉపవాసవ్రతము పట్టిన పెద్దముత్తైదువవలె మౌనముగా కూర్చుండి యున్నది.

దాని వ్యాధి యిట్టిది: గుంతలో దిగినప్పుడెల్ల బానెట్టు క్రింద టక్కుమని యొక దెబ్బ, నిలిపియుంచి స్టీరింగు త్రిప్పినచో పాడుపడిన సత్రపు తలుపువలె కిఱ్ఱుమని యొక మూలుగు, మలుపు తిరిగిన పిదప స్టీరింగు తనంతట తాను నడిమికి రాక, పండుగకు పిలువని యల్లునివలె ఒక ప్రక్కకే మొగము పెట్టుకొనుట.

"షాకబ్జర్లు బానే ఉన్నాయి సార్. పైన మౌంటింగులు పోయినాయండి. ఎడమది మరీ చీలిపోయింది. మారిస్తే రెండూ మార్చాలి" అని మా మెకానికు తీర్పు చెప్పెను.

"మొన్ననే గదయ్యా మార్చావు?"

"మూడేళ్ళయిందండి. మన రోడ్ల మీద మూడేళ్ళు నిలబడ్డమే గొప్ప సార్."

ఎర్ల్ మాక్‌ఫర్సను అను నమెరికా యింజనీరు 1940లలో రూపొందించిన స్ట్రట్టు అనునది, స్ప్రింగును షాకబ్జరును ఒకే దండముగా కూర్చి, చక్రమునకు పైకప్పుగా నుండు లోహపు గుమ్మటమునకు తగిలించిన యమరిక. ఆ దండమునకును కారు శరీరమునకును నడుమ, అరచేయి పట్టునంత రబ్బరుబిళ్ళ యొకటి ఇనుపరేకులతో కలిపి పోతపోయబడి, చక్రముతోపాటు దండము తిరుగుటకు బేరింగుతో జతపడి యుండును. అదియే మౌంటు. దానిని మార్చుటకు ముందు స్ప్రింగును కంప్రెసరుతో ఇరుప్రక్కల బిగించి నొక్కిపెట్టవలెను. ఆ పని చేయక నడిమి నట్టును విప్పినవాని దవడ వానికి మిగులదు. ఈ శీర్షిక వ్రాయుటయందు నేనును అట్టి కంప్రెసరునే వాడుచున్నానని చదువరులు గ్రహింతురుగాక.

విప్పిన పాత మౌంటును మెకానికు గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టినప్పుడు నాకు కలిగినది దుఃఖము కాదు, శాసన పరిశోధకునకు పొలమున రాతిపలక దొరకినప్పుడు కలుగు పులకింత. కడపజిల్లా కలమళ్ళలోని రేనాటిచోళుల శాసనమునందు పంక్తులు చెదిరిపోయినను పండితులు దానిని విడువలేదు. ఇంత స్పష్టముగా పగిలిన రబ్బరును నేనేల విడుతును? తత్‌క్షణమే పరిష్కరణకు పూనుకొంటిని.

ఆకారము వర్తులము; లిపి పగుళ్ళు. ఎడమ ఫలకము కుడిదానికన్న మిక్కిలి శిథిలమై యుండుటచేత, మన దేశమున బండ్లు ఎడమప్రక్క నడచుననియు, ఆ యంచుననే మ్యాన్‌హోలు మూతలు నీటిగుంటలు వర్ధిల్లుచున్నవనియు స్థిరపడుచున్నది. అడ్డముగా లోతుగా నున్న చీలిక, మా వీధికి తారువేసిన పక్షము దినములలోనే మంచినీటి గొట్టమునకై నిలువునా త్రవ్వి, మట్టికప్పి పోయిన మహోత్సవమునకు చెందినది. రబ్బరు రేకునుండి ఊడివచ్చిన భాగము మలుపునందలి స్పీడుబ్రేకరు కాలమునాటిది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు అట్టి మిట్ట 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల యెత్తున మెల్లగా లేచి మెల్లగా దిగవలెనని వ్రాసియుండగా, మాది రెండడుగుల వెడల్పున, అర్ధరాత్రి ఎవరో పోసిపోయిన సమాధివలె నున్నది.

దానవిషయము: గుంతలు, సర్వస్వామ్యములతో, ఆచంద్రార్కముగా. ప్రతిగ్రహీతను నేను. దాత పేరు మాత్రమెచ్చటను కానరాదు. దానముచేసి పేరు చెప్పుకొనని నిరాడంబరులు ఈ కాలమున వీరొక్కరే. ఎల్లలందుమా, తూర్పున మునిసిపాలిటీ, దక్షిణమున రోడ్లు భవనముల శాఖ, పడమట జాతీయ రహదారులు, ఉత్తరమున ఎవరిదో తేలని పోరంబోకు. ఈ నలువురిలో నెవరి నడిగినను ఆ గుంత తమ యెల్లకు ఆవలిదే యగును.

కావున ప్రభువులకు నాదొక విన్నపము. పదివేలతోపాటు ప్రతి పాతకారు మౌంటునుగూడ పుచ్చుకొని, ఇచ్చటి బాపు మ్యూజియమున నొక గది కేటాయించి, వరుసగా పేర్చి, క్రింద వార్డు సంఖ్య వ్రాసిపెట్టింపుడు. ఇంతకన్న సత్యమైన పాలనాచరిత్ర మఱియొకటి దొరకదు.

ఇక స్ప్రింగు పట్టు సడలుచున్నది. రబ్బరునకును ముసలితన మున్నది, కాదనను. కాని కారు వయస్సు ఇరువది. చచ్చిన మౌంటు వయస్సు మూడు. మూడేండ్ల పసిదానిని చంపినవారిని విడిచి, ఇరువదేండ్లు బ్రదికినదానికి జరిమానా వేయుట ఏ న్యాయము? కారు కొన్ననాడే జీవితకాలపు పన్ను కట్టించుకొంటిరి. కొత్తకారు కొనగలవారిలో ఎందఱు ఇరువదేండ్ల బండిని ముద్దుకై ఉంచుకొందురు? తక్కినవారందఱు కొనలేకనే ఉంచుకొన్నారు. ఆ లేమికే మీరు రుసుము రెట్టింపు చేసితిరి. పోనిండు, నాకు దెబ్బకు నడుమ నింత రబ్బరైన నున్నది. తెల్లవాఱకముందే పాలక్యానులు కట్టుకొని మోపెడుపై పోవువానికి ఏమున్నది? వెన్నుపూస యున్నది. గుంతల మూలమున 2022లో ఈ దేశమున 1,856 మంది చచ్చిరని లెక్కవ్రాసినది పరాయివారు కాదు, ఈ రుసుము పెంచిన మంత్రిత్వశాఖయే. ఆ పట్టిక వ్రాసిన చేతితోనే బండి వయస్సునకు రసీదు చింపి యిచ్చుటకు సిగ్గు లేదా?

పని ముగిసినది. అలైన్‌మెంటు చేయించితిని. జత మౌంటింగులకును కూలికిని కలిపి అయిన ఖర్చు, రేపు నేను కట్టవలసిన పదివేలలో సగమునకు రాలేదు. పాత బిళ్ళలు రెండును నా బల్లపై నున్నవి. పూర్వశాసనముల తుదిని, దానమును చెఱచినవాడు అఱువదివేల యేండ్లు అశుద్ధమున పురుగై పుట్టునని శాపభాగము తఱచుగా కానవచ్చును. నా రబ్బరునందు ఆ పంక్తి లేదు. అచ్చట ఏమి చెక్కవలెనో ఆ 1,856 ఇండ్లకు పోయి అడిగి రండు.