కుండీ మర్రి పుండు: టీకా తాత్పర్య సహితం

ఆ. కొమ్మ కోసినంత గుంటగా చెక్కుము
పాలు తుడిచి పేస్టు పైన బూసి
యాకు గిల్లకుండ నాగుము మూడేండ్లు
పుండు పూడ్చు చెట్టు పూని తానె

అవతారిక: మర్రినో జువ్వినో మిద్దె మీది కుండీలో మూరెడెత్తున బోన్సాయిగా నిలపదలచిన గృహస్థు, బొటనవేలి లావు కొమ్మను కోసి, ఆ తెల్లని పుండును చూసి బెంగపడగా కవి ఊరడించుచున్నాడు. ఈ కవికి వ్యాఖ్యాతలెవరూ దొరకనందున టీకా కూడా తానే రాసుకున్నాడు.

ప్రతిపదార్థం: (ఓ కుండీపతీ! అని అధ్యాహారం) కొమ్మ = అక్కరలేని లావు కొమ్మను; కోసినంత = కోయగానే, రేపు చూద్దామనక; గుంటగా = బోదె మట్టం కంటె రవ్వంత లోతుగా; చెక్కుము = పదునుకత్తితో నున్నగా తీర్చుము; పాలు = కారుచున్న జిగురుపాలను; తుడిచి = తడిగుడ్డతో అద్ది; పేస్టు = గాయానికి రాసే ముద్దను; పైన బూసి = అంచులు సైతం కప్పునట్లు పూసి; ఆకు గిల్లకుండన్ = చిగురు తుంచక; మూడేండ్లు ఆగుము = ఓపిక పట్టుము; చెట్టు = ఆ చెట్టు; తానె పూని = తానే పూనుకొని; పుండు పూడ్చు = గాయమును కప్పివేయును.

తాత్పర్యం: కోత నీది, మిగతా పని చెట్టుది.

విశేషాలు: ‘పాలు’ అనడం వల్ల ఇది మర్రి, రావి, జువ్వి వంశమని ధ్వని. పైన్‌కు, జునిపర్‌కు ఈ పద్యం వర్తించదు. వాటి మోడును జపాను వారు సాధారణంగా కప్పించరు, తొక్క ఒలిచి ఎండుకొమ్మగా నిలిపి ‘జిన్’ అంటారు.

‘గుంటగా’ అన్నది గణం కోసం పడిన మాట కాదు. కోత చుట్టూ బెరడు కింది పలుచని పచ్చపొర నుంచి లేతకణజాలం ఉబ్బి, గారె మాదిరి, మధ్యలో చిల్లి వదిలి గుండ్రంగా పెరుగుతుంది. ఏటేటా చిల్లి చిన్నదవుతుంది. మట్టానికి సమంగా కోస్తే ఆ ఉబ్బు బొడిపెగా మిగిలి చెట్టందం చెడుతుంది. గుంట చేస్తే బోదెలో కలిసిపోతుంది. బోన్సాయి వాళ్ల కాన్‌కేవ్ కట్టరుకు ఆ వంపుమూతి ఇందుకే. కోతను నిలువు బాదంకాయ ఆకారంలో తీరిస్తే మరీ మేలు.

‘పేస్టు’ దగ్గర చెట్లవాళ్లు కొట్టుకుంటారు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో రంపంతో చెట్లను నిలువునా చీల్చి చూసి, పూతలు కుళ్లును ఆపవని తేల్చాడు. చెట్టు పాడైన కలపను బాగుచేసుకోదట, చుట్టూ గోడ కట్టి వేరుపరుస్తుందట. మరి పూయడమెందుకు? కుండీచెట్టు పుండు అంచు ఎండకు వడలకుండా, అంతే. పసుపు, పేడ, గోడరంగు కవిహృదయం కాదు. మామిడితోటల బోర్డో పేస్టు కూడా వద్దు. అందులోని మైలుతుత్తం నీలం బెరడు మీద కూర్చుంటే చూసినవాళ్లు పుండునే చూస్తారు.

పద్యానికి ప్రాణం మూడో పాదం. మనవాళ్లు గాయం చేసిన వారమే చెట్టుకు క్షవరం చేసి, వేళ్లు కత్తిరించి, కుండీ మార్చి, తీగ చుట్టి, ఇంకా మానలేదేమని అడుగుతారు. పుండు అంచును పెంచేది ఆకులు వండిన చక్కెర. అది బెరడు వెంట పైనుంచి కిందికి దిగుతుంది. గాయం ఆ దారికి అడ్డు కనుక కింది అంచే అన్నిటికన్నా ఆలస్యంగా కదులుతుంది, ఒక్కోసారి ఎండి వెనక్కి పోతుంది. పుండు దాపున ఒక రెమ్మను ముట్టుకోకుండా బారెడు సాగనివ్వాలి. చూడ్డానికి అసహ్యంగానే ఉంటుంది. పని పూర్తయ్యాక దాన్ని బలి ఇవ్వవచ్చు. కుండీ నుంచి తీసి నేలలో నాటినా పుండు త్వరగా మూసుకుంటుంది. అంచు ముందుకు కదలక ఆగిపోతే కత్తిమొనతో సన్నగా గీరి మళ్లీ ముద్ద పెట్టాలి, కదులుతుంది.

‘మూడేండ్లు’ ఛందస్సు ఇచ్చిన గడువు. పుండు పెద్దదైతే ‘ఆరేండ్లు’ అని చదువుకోవచ్చు, గణం చెడదు. ఎప్పటికీ మూతపడనంత పెద్దదైతే తొర్రగా తీర్చడం ఉంది. దాన్ని జపానులో ‘ఉరో’ అంటారు. మర్రికి తొర్ర ఎబ్బెట్టు కాదు.

కవి చెప్పడం మరిచింది ఒకటుంది: కోసే కాలం. తొలకరి పడి కొత్త చిగురు తోసుకొస్తున్నప్పుడు కోయండి. పుష్యమాసపు చలిలో కోసి పద్యం అబద్ధమని మాత్రం అనకండి.