అల్మాస్‌గూడలో ఒక తేలియా రుమాల్

నేను పుట్టపాక మగ్గం మీద పుట్టిన తేలియా రుమాల్‌ని. ఎరుపు, నలుపు, తెలుపు నా రంగులు. ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో నా నూలును రోజుల తరబడి నానబెట్టి ఆరబెట్టారు. అద్దకం నిలవాలంటే అదే దారి. ఒకప్పుడు గల్ఫ్ దేశాల్లో అరబ్బులు తలకు చుట్టుకున్నది మా వాళ్లనే.

నన్ను కొన్న పెద్దాయన అల్మాస్‌గూడలో మేకలు కాసేవాడు. అప్పటికి ఈ కాలనీలు లేవు. ఎండాకాలం నన్ను బావి నీళ్లలో ముంచి, పిండి, మెడకు చుట్టుకునేవాడు. తడి ఆరుతూ ఒంట్లో వేడిని లాక్కుపోయేది. సద్ది మూట నేనే, కట్టెల మోపు కింద చుట్టబట్ట నేనే. గుట్ట మీద పుట్టిన మేకపిల్లను నాలో చుట్టి ఇంటికి తెచ్చేవాడు. వాగు నీళ్లను నాలుగు మడతల్లో వడగట్టేవాడు. చెత్తా పురుగులూ నా దగ్గర ఆగేవి, క్రిములు ఆగవు. వాటికి కాచడమే మందు.

ఒక్క పని తలచుకుంటే ఇప్పటికీ బాధే. పాము కరిచిన పక్కింటాయన కాలికి నన్ను మెలిపెట్టి బిగించారు. కాలు నల్లబడిపోయింది. అలా కట్టొద్దు, కాలు కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి అని అక్కడి డాక్టరు చెప్పాడు. తెలిసుంటే పెద్దాయన అట్లా కట్టనిచ్చేవాడు కాదు.

ఆయన కొడుకు చింతచెట్టు మీంచి పడి ఎడమ మోచేయి విరగ్గొట్టుకున్న రోజు మాత్రం నాది. పెద్దాయన నన్ను మూలకు మూల మడిచి, చేతిని అందులో పడుకోబెట్టి, మెడ పక్కన ముడి వేశాడు. "ఏడ్వకు బిడ్డా, రుమాలు పట్టుకుంది గదా" అన్నాడు. ఎల్బీనగర్ ఆసుపత్రి దాకా సైకిల్ మీద, గతుకు గతుకుకూ ఆ చేయి బరువు నా మీదే.

పెద్దాయన పోయాక నన్ను బీరువాలో పెట్టారు. తీసిన ప్రతిసారీ "ఏం నూనె కంపు ఇది" అన్నారు. 2020లో తేలియా రుమాల్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఏడాదే ఇంట్లో నన్ను రెండుగా చించి, ఒక ముక్కను బండి తుడవడానికి, ఒక ముక్కను బాత్రూం గడప దగ్గరకు పంపారు. నేను గడప దగ్గరి ముక్కను. చించినప్పుడు నా అంచు పూలు మధ్యకు తెగాయి. ఫినాయిల్‌కు ఎరుపు వెలిసిపోయింది. నూనె వాసన కూడా పోయింది. అది పోతే నన్ను పెద్దాయన కూడా గుర్తుపట్టడు.

మనవడు బడిలో స్కౌట్స్‌లో చేరాడు. మెడలో కొత్త స్కార్ఫు. మొన్న హాల్లో నిలబడి, దాన్ని త్రిభుజంగా మడిచి, విరిగిన చేతికి ఎలా కట్టాలో వాళ్ల నాన్నకు చూపించాడు. కుడి మీద ఎడమ, ఎడమ మీద కుడి. ముడి చక్కగా కుదిరింది. వాడు కట్టింది నాన్న ఎడమ చేతికే. ఆ మోచేయి ఇప్పటికీ పూర్తిగా సాగదు.

ఆయన ఆ ముడిని కుడిచేత్తో తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. నేను నాలుగడుగుల దూరంలో, తడిగా, నేల మీద ఉన్నాను.