స్టాంపుల బాబాయి

అమెరికాలో తెలుగువాళ్ళు పది కుటుంబాలు చేరిన ప్రతిచోటా ఒక స్టాంపుల బాబాయి ఉంటాడు. ఎడిసన్‌లో ఉంటాడు, డాలస్‌లో ఉంటాడు. పోల్చుకోవడం కష్టమేం కాదు. పోస్టల్ రేట్లు పెరుగుతున్నాయని తెలిస్తే చాలు, కాకి అరవకముందే వాట్సాప్ గ్రూపులో ఆయన దండోరా మోగుతుంది. 2025 జూలైలో మోగిన దండోరా ఇది: "ఆదివారం నుంచి 73 కాస్తా 78 సెంట్లు. శనివారం లోపు కొనుక్కున్నవాడికి కొనుక్కున్నంత!"

ఆయన ఇంతగా పడిచచ్చేది ఫరెవర్ స్టాంపు కోసం. దానిమీద ధర ఉండదు. ఏనాడు ఎంతకి కొన్నా సరే, ఒక ఔన్సుకి మించని ఉత్తరాన్ని ఆ దేశంలో ఏ మూలకైనా చేరవేస్తుంది. మొదటిది 2007 ఏప్రిల్‌లో లిబర్టీ బెల్ బొమ్మతో వచ్చింది. అప్పట్లో 41 సెంట్లు. అది బీటలువారిన గంటే గానీ, మా ఊరి బాబాయికి అందులోంచి లక్ష్మీదేవి అందెల చప్పుడు వినిపించింది. అప్పటినుంచీ బీరువాలో ఇరవయ్యేసి స్టాంపుల పుస్తకాలు దొంతర్లుగా లేస్తూనే ఉన్నాయి.

"41కి కొన్నది ఇవాళ 78. వేలు కదపకుండా ఒక్కోదానిమీద 37 సెంట్లు!" అంటాడు. పద్దెనిమిదేళ్ళకి కదా బాబాయ్ అంటే వినిపించుకోడు. మొదటి స్టాంపులు కొన్న ఏడాదే పిన్ని పోరి కొనిపించుకున్న బంగారు గాజుల ఊసు మాత్రం ఆయన ముందు ఎవరమూ ఎత్తం.

చిక్కల్లా ఒక్కటే. కొన్న స్టాంపుల్ని పోస్టాఫీసు తిరిగి కొనదు. అంటిస్తేనే లాభం కళ్ళజూసేది, అంటిస్తే స్టాంపు పోయె. అందుకని ఏళ్ళ తరబడి అంటించకుండా కూర్చుంటాడు. ఏదో ఒకరోజు పూనకం వచ్చి, ఆన్‌లైన్‌లో ఊరికే కట్టేయగలిగిన కరెంటు బిల్లుకి చెక్కు రాసి, కవరులో పెట్టి, పాత స్టాంపొకటి అంటించి పంపుతాడు. "37 సెంట్లు మిగిల్చాను" అని ఆ పూట ఇంకో గరిటె అన్నం ఎక్కువ తింటాడు. గడువు దాటాక చేరినందుకు పడిన జరిమానా పిన్ని ఖాతాలో రాసుకోవాలి.

ఆయన జీవితంలో చీకటిరోజు 2016 ఏప్రిల్ 10. ఆ రోజు స్టాంపు ధర 49 నుంచి 47కి పడిపోయింది. దాదాపు వందేళ్ళలో ఎన్నడూ తగ్గని ధర, సరిగ్గా ఆయన 49 లెక్కన బీరువా నింపుకున్నాక తగ్గింది. షేర్లు పోయినవాడికి తోడు ఏడవడానికి ఊరంతా ఉంటారు, స్టాంపుల్లో పోయినవాణ్ణి ఎవరు ఓదారుస్తారు? తగ్గబోతోందన్న కబురు ముందే తెలియడంతో, ఆ ఏడు ఉగాది పచ్చడిలో ఆయనకి వేపపువ్వు తప్ప మరేదీ తగల్లేదు. మరుసటి జనవరిలో ధర మళ్ళీ 49కి ఎక్కాక గానీ ఇంట్లో పాయసం ఉడకలేదు.

ఆ 47 సెంట్ల రోజుల్లోనే, 2016 అక్టోబరులో, వెలిగే ప్రమిద బొమ్మతో దీపావళి స్టాంపు వచ్చింది. అవి పూజగదిలో ఉన్నాయి. క్రెడిట్ కార్డు బిల్లుమీద దీపం ఎలా అంటిస్తాం అంటాడు. నిజమే కదా అని నాకూ అనిపించింది.

ఆయన్ని పిసినారి అంటే మాత్రం నేనొప్పను. సగం ధరకే స్టాంపులనే ఆన్‌లైన్ ప్రకటనలు ఎన్ని కనపడ్డా ఆయన వేలు జారదు. నకిలీ స్టాంపుతో వెళ్ళిన ఉత్తరం దిక్కులేనిదైపోతుందని ఆయనకు తెలుసు. పిసినారైతే అక్కడే బోల్తాపడును. ఈయనకి కావలసింది డబ్బు కాదు. అమెరికా ప్రభుత్వం మీద సెంట్లలోనైనా ఒక గెలుపు.

మొన్న కొడుకు పెళ్ళి కుదిరింది. "శుభలేఖలకి స్టాంపుల ఖర్చే లేదు" అని ప్రకటించి బీరువా తెరిచాడు. హైదరాబాదు నుంచి వచ్చిన శుభలేఖని వంటింటి తూకం మీద పెడితే ఔన్సున్నర తూగింది. రెండో ఔన్సుకి ఇంకో 29 సెంట్లు. పైగా నలుచదరపు కవరు, మధ్యలో ఉబ్బు, అది మిషన్లో పోదు కాబట్టి అదనంగా 49. బాబాయి కత్తెర తీశాడు. ముందు జరీ కుచ్చు పోయింది. తర్వాత అక్షింతల పొట్లం. ముల్లు ఇంకా దిగకపోయేసరికి ఇత్తడి వినాయకుణ్ణి ఊడబీకాడు. విఘ్నాలు తొలగించేవాణ్ణే తొలగించాక, కోసి కుదించిన పొడుగు కవరుతో తూకం ఔన్సు లోపుకి వచ్చింది.

"ఇది శుభలేఖా, కరెంటు బిల్లా?" అంది పిన్ని.

ఇంతలో కాబోయే కోడలు, వచ్చేదీ రానిదీ తెలపడానికి లోపల జవాబు కార్డూ, స్టాంపు అంటించిన చిన్న కవరూ ఉండాలంది. కొత్త కోడలి మాట. కాదనలేక, ఒక్కో కవరుకీ లిబర్టీ బెల్ ఒకటి చొప్పున గుండె రాయి చేసుకుని అంటించాడు.

సగంమంది జవాబు కార్డు పంపకుండా ఫోన్లోనే వస్తున్నాం అని చెప్పేశారు. వాళ్ళందరికీ బాబాయి వరసగా ఫోన్లు చేస్తున్నాడు. నిన్న నాకూ వచ్చింది.

"వస్తున్నారుగా? సంతోషం నాన్నా. పెళ్ళికొచ్చేటప్పుడు ఆ చిన్న కవరు మాత్రం మరిచిపోకు. స్టాంపు నువ్వు ఒలవకు, చిరుగుతుంది. నేనొచ్చి ఆవిరి పడతాను."