మోకాలి నొప్పి, 32 కిలోమీటర్లు

మొన్న సోమవారం పొద్దున్న ఆరున్నరకి మా మనవడు పక్క మీద నుంచి లేవకుండానే ఫోన్‌లో రెండు ముక్కలు కొట్టాడు. "నాట్ వెల్" అట. అవతలి నుంచి బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. అంతే, ఆ రోజుకి ఉద్యోగం లేదు. దుప్పటి ముసుగు తన్ని మళ్ళీ పడుకున్నాడు. ఈ వ్యవహారమంతా నేను కాఫీ గ్లాసు కడిగేలోగా అయిపోయింది.

"ఏం రోగంరా?" అన్నాను.

"రోగమేం లేదు తాతయ్యా. ఊరికే."

"మరి ఏ రోగమని చెప్పావు?"

"చెప్పక్కర్లేదు. అడగరు."

అడగరట! అడగని వాడికి అబద్ధం చెప్పడం కూడా ఒక అబద్ధమేనా? మా రోజుల్లో లేని రోగానికి సెలవు పెట్టడమంటే రెండు పూటల పని. ఆ కష్టమేదో డ్యూటీకి పోయి పడితేనే నయమనిపించేది.

నేను 1972లో ఉద్యోగంలో చేరాను. కంపెనీ పేరు చెప్పను. విశాఖపట్నంలో పెద్ద గేటూ, సైరనూ, మూడు షిఫ్టులూ ఉన్న కంపెనీల్లో ఒకటి అనుకోండి. ఇల్లేమో సింహాచలం కొండ కింద, అడివివరంలో. సిక్ పెట్టాలంటే ముందు రోగాన్ని ఎంచుకోవాలి. ఇది తేలికైన పని కాదు. జ్వరమంటే మా అమ్మ ఒప్పుకునేది కాదు. "తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, లేని జ్వరం పేరెత్తకురా" అనేది. కామెర్లు, టైఫాయిడ్ మాట సరేసరి, కాయితం మీద ఆ పేర్లు రాయడానికే చెయ్యి వణికేది. ఎప్పుడో పోయిన అమ్మమ్మని మళ్ళీ చంపి సెలవు తెచ్చుకునే మహానుభావులుండేవారు. నేను ఆ పాపం జోలికి పోలేదు. ఇక మిగిలేవి కడుపు నొప్పి, నడుం నొప్పి, మోకాలి నొప్పి. వీటిలో సుఖమేమిటంటే బయటికి కనబడవు, దేవతలు పొరపాటున తథాస్తు అన్నా ప్రాణం మీదికి రాదు.

ఆ తర్వాత డాక్టరు. మాకొకాయన ఉండేవాడు, ఐదు రూపాయలు పుచ్చుకుని సర్టిఫికెట్ రాసేవాడు. అలాగని అడగ్గానే రాసిచ్చే రకం కాదు. బల్ల మీద పడుకోబెట్టి, కడుపు నొక్కి "ఇక్కడా? ఇక్కడా?" అని అడిగేవాడు. నాకేమీ లేదని ఆయనకి తెలుసు, ఆయనకి తెలుసని నాకూ తెలుసు. అయినా "అబ్బా" అనవలసిన చోట అని తీరాలి. ఎర్రమందు కోసం సీసా మనమే తీసుకెళ్ళాలి. కాంపౌండరు దానికి మెట్లు మెట్లుగా కత్తిరించిన కాయితం అంటించి, పూటకి ఒక మెట్టు తాగమనేవాడు. ఆ సీసా పట్టుకుని వీధంతా చూసేలా నెమ్మదిగా నడిచి ఇంటికి రావడం కూడా వైద్యంలో భాగమే.

ఇంటికొచ్చాక అసలు శిక్ష మొదలు. రోగం పెట్టుకున్నవాడు జగదాంబలో సినిమా చూడకూడదు, పూర్ణా మార్కెట్లో కనబడకూడదు. కంపెనీ వాళ్ళు సైకిలేసుకుని ఇంటికొచ్చి చూస్తారని ఒక పుకారు. నా సర్వీసంతటిలో ఒక్కడూ రాలేదు. కానీ ఆ రాని సైకిలు బెల్లు వినబడుతున్నట్టే మధ్యాహ్నమంతా మంచమెక్కి పడుండేవాణ్ణి. అమ్మ జావ కాచి ఇచ్చేది. అబద్ధమైనా సరే, రోగమన్నాక పథ్యం పథ్యమే.

డబ్బు లెక్క ఇంకోటి. మొదట్లో జీతం తక్కువ గనక నేను ఈఎస్‌ఐలో ఉండేవాణ్ణి. 1948 నాటి ఆ చట్టం రాసినవాళ్ళు మా బోటి వాళ్ళని బాగా ఎరిగినవాళ్ళే. జబ్బు చేస్తే మొదటి రెండు రోజులకి పైసా రాదు. ఒక్కరోజు కడుపు నొప్పికి అక్కడే చెల్లు. ఆ తర్వాత కూడా జీతంలో కొంత భాగమే ఇస్తారు. ఇప్పుడది 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. దొంగమాట చెప్పి ఆ డబ్బు తీసుకుంటే జైలని 84వ సెక్షన్‌లో రాసిపెట్టారు కూడా. ఒకసారి మా యూనియన్ ఆయన ఆ సెక్షన్ గట్టిగా చదివి వినిపించాడు. ఆ నెలంతా మా సెక్షన్‌లో ఒక్కడికీ ఒంట్లో బాగోకపోలేదు. రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళది ఇంకో దారి. ఏడాదికి 15 క్యాజువల్ లీవులు, డిసెంబరు 31 దాటితే మురిగిపోతాయి. ఆ చివరి వారంలో ఏ ఆఫీసుకైనా వెళ్ళి చూడండి, ఊళ్ళో అంటువ్యాధి ఏదో ప్రబలినట్టుంటుంది.

వీటన్నిటికంటే బరువైంది రిలీవరు సంగతి. నువ్వు బి షిఫ్టుకి రాకపోతే ఎ షిఫ్టు వాడు మిషను దిగడానికి లేదు. పొద్దున్న ఆరింటికి ఎక్కినవాడు రాత్రి పది దాకా నిలబడాలి. అంటే నీ కడుపు నొప్పి కంపెనీకి కాదు, సాటివాడి నడుముకి. అందుకే నేను సిక్ పెట్టి వెళ్ళిన ప్రతిసారీ మా తోటలో పనసకాయో, అనాసపండో, ఏమీ దొరక్కపోతే వాళ్ళావిడకి సంపెంగ పూలో పట్టుకెళ్ళేవాణ్ణి. "ఏటి బావూ, మళ్లీ కడుపు నొప్పొచ్చినాదా?" అని నవ్వి పుచ్చుకునేవాడు. తర్వాత నెల వాడికి నడుం నొప్పి వచ్చేది, నేను డబులు లాగేవాణ్ణి. పనసకాయ ఇటు వచ్చేది కాదు. తోట ఉన్నది నాకు కదా.

ఒక్కసారి మాత్రం పెద్ద సాహసం చేశాను. ఆషాఢ చతుర్దశి నాడు సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ. లీవు అడిగితే ఇవ్వనన్నారు. సరే, మోకాలి నొప్పి పెట్టాను. పెట్టి, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కాళ్ళకి చెప్పుల్లేకుండా 32 కిలోమీటర్లకి బయల్దేరాను. ముడసర్లోవ దాకా ఈలపాట. హనుమంతవాక దాటాక వాన. అప్పుఘర్ దగ్గర సముద్రంలో మునిగి లేచేసరికి ఒళ్ళు బాగానే ఉందనిపించింది. ఇసుకతోట వచ్చేసరికి కుడి మోకాలు పిలిచింది. మాధవధార దగ్గర ఎడమది కూడా పలికింది. గోపాలపట్నం నుంచి కొండ కిందికి ఎలా చేరానో ఆ వరాహ నరసింహుడికే ఎరుక. మర్నాడు గేటు దగ్గర నన్ను చూసి టైమాఫీసు గుమస్తా లేచి నిలబడ్డాడు. "అయ్యో పాపం, ఇంకా తగ్గినట్టు లేదే, మరో రెండ్రోజులు ఉండిపోవాల్సింది" అన్నాడు. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో నేను నూటికి నూరుపాళ్ళు నిజం చెప్పిన సిక్ లీవు అదొక్కటే. కాకపోతే లెటరు ముందు వెళ్ళింది, నొప్పి తర్వాత వచ్చింది. అమ్మ "చెప్పానా?" అంది.

2005 ఏప్రిల్ 5 నాటికి నేను రిటైర్మెంటుకి దగ్గర పడ్డాను. మంగళవారం. మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్‌తో మ్యాచ్. ఆ పొద్దున్న మా డిపార్టుమెంటులో పదకొండు మందికి జ్వరం, సరిగ్గా ఒక టీముకి సరిపడా. ఆ జులపాల ధోనీ 123 బంతుల్లో 148 కొట్టాడు. మర్నాడు అందరూ గొంతు పోయి వచ్చారు. పోనీ, జ్వరానికి గొంతు పోవడం అతుకుతుంది. అప్పటికింకా పిల్లల్లో ఆ పాటి శ్రద్ధ మిగిలుంది.

ఇప్పుడేదీ? మా వాడు రుషికొండ మీద సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. "నాట్ వెల్" అంటే ఏమిట్రా? ఎక్కడ నాట్ వెల్? తథాస్తు దేవతలు వచ్చి నిలబడితే పాపం వాళ్ళేం ఇవ్వాలి? ఒక్కోసారి "మెంటల్ హెల్త్ డే" అంటాడు. మనసు బాగోలేదని సెలవట. మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. తర్వాత నవ్వలేదు. అమ్మ పోయి, పన్నెండో రోజు దాటగానే వెళ్ళి మిషను ముందు నిలబడ్డాను. ఆ వారమంతా నేను చేసిన పని ఒక్కటీ కొలతకి రాలేదు. ఆ మాటేదో అప్పుడే మా చేతికి అంది ఉంటే ఎన్ని కడుపు నొప్పులు మిగిలేవో.

నాకు బొత్తిగా అర్థం కానిది ఇంకొకటుంది. పోయిన వానాకాలం వాడికి నిజంగానే జ్వరం వచ్చింది, 102. ఆ రోజు సెలవు పెట్టలేదు! నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, వణుకుతూ మీటింగులో మాట్లాడుతున్నాడు. "ఇంట్లోనే ఉన్నాను కదా తాతయ్యా, సెలవెందుకు?" అంటాడు. కరోనాతో వచ్చిన చదువిది. ఒంట్లో బాగున్న రోజు సెలవు, బాగోని రోజు డ్యూటీ. మా ఎర్రమందు డాక్టరు బతికుంటే ఈ రోగానికి ఏం పేరు రాసేవాడో!

కిందటేడు వాడూ గిరి ప్రదక్షిణకి వెళ్ళాడు. సిక్ లీవే. ఇంతవరకూ నా మనవడే అనుకున్నాను. కానీ చేతికున్న గడియారం అడుగులు లెక్కపెడుతుందట, ఆ లెక్క తిన్నగా ఆఫీసుకి పోతుందట. ఆ నెలలోనే ఆఫీసులో నడక పోటీ. సిక్ లీవులో ఉన్నవాడు ఒక్కరోజులో నలభై ఎనిమిది వేల అడుగులు నడిచి ఫస్టొచ్చాడు. మేనేజరు అందరి ముందూ పొగిడి నీళ్ళ సీసా బహుమానమిచ్చాడు. "ఒరే, ఆ రోజు నీకు ఒంట్లో బాగోలేదు కదరా, ఎవరూ అడగలేదా?" అన్నాను. "ఏ రోజు?" అన్నాడు. వాడికే గుర్తు లేదు! నా మోకాలి నొప్పి తారీఖుతో సహా నాకింకా గుర్తుంది.

ఈ ఏడు చతుర్దశి పొద్దున్న మా ఆవిడ సంచి చేతికిచ్చి కూరలు తెమ్మంది. యాభై ఏళ్ళుగా ఆ వంటింటికి ఆదివారం లేదు, సిక్ లీవు అసలే లేదు. ఆ సంగతి ఇప్పుడెందుకులెండి. మోకాళ్ళు పట్టేశాయి, గడప దాటలేనన్నాను. సాయంత్రం నేను పంచె ఎగ్గట్టి, కొబ్బరికాయ చంకన పెట్టుకుని, చప్పుడు కాకుండా గేటు గడియ తీస్తుంటే వెనకనుంచి వినబడింది.

"ఏవండీ, డాక్టరు చీటీ ఏదీ?"