గంట మింగిన స్క్రిప్టు

కంప్యూటర్ జాతకం! ఖచ్చితం, క్షణాల్లో, రంగుల్లో! తమిళనాట కోవిల్‌పట్టి అయినా విరుదునగర్ అయినా బోర్డు మీది మాట ఇదే. కోవిల్‌పట్టిలో లోపలికెళ్తే ఊరి రేఖాంశం 77 డిగ్రీల 52 నిమిషాలని కూడా చూపిస్తారు. ఆహా, ఎంత శ్రద్ధ! సరే స్వామీ, 1943లో ఇక్కడ పుట్టిన మన పెద్దాయనది వేయండి చూద్దాం.

లగ్నమే మారిపోవచ్చు. ఎందుకంటారా? యుద్ధం పేరు చెప్పి తెల్లదొరలు దేశం గడియారాన్ని గంట ముందుకు తోశారు. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు 15 దాకా మనం గ్రీనిచ్ కంటే ఆరున్నర గంటలు ముందు. గోడ గడియారం చూసి తాతలు రాసిపెట్టింది ఆ టైమే. ఈ సంగతి తెలియని ప్రోగ్రాము మాత్రం ఐదున్నరే తీసేస్తుంది. లగ్నానికి ఉండేదే దాదాపు రెండు గంటలు, అందులో ఒక గంట గోవిందా!

ఈ చరిత్రంతా ప్రపంచ కంప్యూటర్లు వాడే టైమ్‌జోన్ ఫైల్లో ఉంది. ఉచితంగా. 1906కు ముందు నడిచిన మద్రాసు టైము 5:21:10తో సహా. అదేమన్నా తాళపత్రమా? ఉత్త టెక్స్టు. జోన్ పేరు మొదటి వరుసలోనే ఉంటుంది, కింది వరుసలకు ఉండదు. దాన్ని చదివే స్క్రిప్టు రాసే మన వీరుడు పేరు లేనివన్నీ చెత్తనుకుని ఊడ్చేస్తాడు. మిగిలేది పాత కలకత్తా స్థానిక కాలం, 5:53:28! ఇంకో ఘనుడు చివరి వరుసొక్కటే పట్టుకుని, 5:30 అని రాసుకుని ఇంటికి పోతాడు. వీడే అసలు ప్రమాదం. ఇవాళ్టి టైము సరిగ్గానే చూపిస్తాడుగా, ఎవడు పట్టుకుంటాడు?

ఏలేవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 2023 మార్చిలో లెబనాన్ సర్కారు వేసవి గడియారాన్ని చివరి క్షణంలో వాయిదా వేసింది. సగం దేశం వినలేదు. ఒకే దేశం, రెండు టైములు. టైమ్‌జోన్ ఫైలు చూసేవాళ్లు హడావుడిగా 2023బి వెర్షన్ వదిలారు. ఈలోగా సర్కారు నాలుక మడతేసింది. వెంటనే 2023సి. అందులో సరుకు? అచ్చంగా ముందటి 2023ఎ!

ఢిల్లీ ఇంకో మెట్టు పైన. దేశమంతా ఒకే ప్రామాణిక కాలం, అదీ మిల్లీసెకన్ల నుంచి మైక్రోసెకన్ల దాకా ఖచ్చితత్వంతో అని 2025 జనవరిలో ముసాయిదా నిబంధనలు తెచ్చింది. భేష్. మరి తాతగారి గంటో?

కోవిల్‌పట్టి కడలైమిఠాయికి (అదే, పల్లీపట్టికి) 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ ఊళ్లో పుట్టిన మనిషి గంటకు ఆపాటి పరువు లేదా? జాతకానికి డబ్బు తీసే ముందు ఒక్క మాట అడగండి: 1943లో మన గడియారం గ్రీనిచ్ కంటే ఎంత ముందుంది? ఐదున్నర అన్నాడా, డబ్బు జేబులోనే ఉంచుకోండి.