కాకిలెక్కలో కడప

కర్నూలు నుంచి కడపకు పెండ్లికి పోవల్ల. మా మేనల్లుడు ఫోను నా ముక్కు కిందికి తెచ్చి చూపించినాడు. "మామా, కర్నూలు ఎయిర్‌పోర్టు నుంచి కడప ఎయిర్‌పోర్టుకు నూటాయాభై కిలోమీటర్లు కూడా లేదు. విమానంలో నలభై నిమిషాలంట!"

"విమానం ఎన్నింటికిరా?"

"విమానం లేదు మామా. టైమొక్కటే ఉంది."

కాకిలెక్క అంటే ఇదే. రెండు ఊళ్ల మధ్య మ్యాపు మీద ఒక గీత గీస్తారు. గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల చొప్పున భాగిస్తే పదకొండు నిమిషాలు. లేచేదానికీ దిగేదానికీ ఇంకో అరగంట కలుపుతారు. లెక్క ఎక్కడా తప్పదు. కాకపోతే ఆ దారిన ఎగిరేవి కాకులే, వాటికి బోర్డింగ్ పాసు అక్కరలేదు.

ఎయిర్‌పోర్టులు లేవా అంటే రెండూ ఉన్నాయి. 2017 ఏప్రిల్‌లో 'ఉడాన్' పథకం కింద ప్రధాని సిమ్లా నుంచి జెండా ఊపిన మొదటి సర్వీసుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. కర్నూలుకు 2021 మార్చిలో ఓర్వకల్లు దగ్గర 2,000 మీటర్ల రన్‌వే వచ్చింది, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టినారు. 1846లో ఆయన కోయిలకుంట్ల ఖజానా మీదికి పోయినప్పుడు ఇంకో ఊరు చుట్టి పోలేదు.

మనం చుట్టే పోవల్ల. ఓర్వకల్లు నుంచి విజయవాడకు 2025 జూలైలో విమానం మొదలైంది. అక్కడ దిగి కడప విమానం పట్టుకున్నామనుకోండి, కాకిలెక్కలోనే ఆరు వందల కిలోమీటర్లు. సీమలో పెండ్లికి పోయేటోడు కృష్ణ ఒడ్డు చూసుకొని రావల్ల!

తమాషా ఏందంటే, ఓర్వకల్లు ఉండేదే కడప రోడ్డు మీద. విమానం కోసం పోయినోడు అప్పటికే ఇరవై కిలోమీటర్లు కడప దిక్కు నడిచేసినట్టు. కౌంటరు గంట ముందే మూస్తారు కదా, ఆ గంటలో బస్సు పాణ్యం దాటి నంద్యాల చేరుకుంటుంది. పోయినసారి నంద్యాల బస్టాండులో మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన పేపరులో రంగుల విమానం బొమ్మ ఉండింది. నూనెకు ఒక రెక్క పూర్తిగా తడిసిపోయింది. బజ్జీలు మాత్రం బాగున్నాయి.

ఈ రెండు ఊళ్లనూ పేరులోనే కలుపుకున్నది ఒకటుంది: కె.సి. కెనాల్, అంటే కర్నూలు–కడప కాలువ. సుంకేసుల నుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దాన్ని పైరుకే కాదు, పడవలు నడిపేదానికి కూడా అని తవ్వింది. నష్టాల్లో మునిగితే 1882లో సర్కారు కొనుక్కుంది. నూటాయాభై ఏండ్ల కిందట తెల్లోడికి కూడా కర్నూలోడిని నేరుగా కడపలో దించాలనే తోచింది. మద్రాసు మీదుగా రమ్మనలేదు.

ఇదంతా చెప్తే మేనల్లుడు, "ఫ్లైటు వేస్తే ఎవరెక్కుతారు మామా?" అన్నాడు. ఆఫీసుల్లో చెప్పే మాట వీడికెట్ల తెలిసిందో! నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయే బస్సులో నిలబడినోళ్లను లెక్కపెట్టమన్నా.

పెండ్లికి బస్సులోనే పోయినాం. ఫోను చెప్పింది అబద్ధమేం కాదు. కర్నూలు బస్టాండులో కదిలిన నలభై నిమిషాలకు బస్సు ఎయిర్‌పోర్టు దాటింది. కడపకు ఇంకా మూడున్నర గంటలు.