మా హాల్లో అంతర్జాతీయ సదస్సు

మీ ఇంట్లో ప్రొఫెసర్లెవరైనా ఉన్నారా? లేకపోతే ఇలవేల్పుకు ఓ కొబ్బరికాయ కొట్టి పేజీ తిప్పెయ్యండి, ఈ గోడు మీకెక్కదు. ఉంటే మాత్రం ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి, గొంతు తగ్గించి మాట్లాడుకుందాం. గట్టిగా మాట్లాడటానికి మా ఇంట్లో ప్రస్తుతం అనుమతి లేదు. హాల్లో సదస్సు నడుస్తోంది.

మా ఆవిడ యూనివర్సిటీలో భూగోళ శాస్త్రం చెబుతుంది. రుతుపవనాల మీద పరిశోధన. ఇన్నేళ్ళూ ఆ రుతుపవనాలు ఆవిణ్ణి దేశదేశాలు తిప్పాయి. నాకే అభ్యంతరమూ లేకపోయింది, ఎందుకు లేకపోయిందో తర్వాత మనవి చేస్తాను. ఈమధ్య ఒకనాటి ఉదయం ఉప్మా వడ్డిస్తూ (చేసింది నేను, వడ్డించింది ఆవిడ, చరిత్రలో వడ్డించినవాళ్ళ పేరే నిలుస్తుంది) "ఏమండీ, ఇకమీదట సదస్సులకు విమానం ఎక్కను. రైలు వెళ్ళేచోటికి రైలు, వెళ్ళనిచోటికి ఆన్‌లైన్" అని ప్రకటించింది. ముందస్తు సంప్రదింపులు లేవు, అఖిలపక్ష సమావేశం లేదు, శ్వేతపత్రం లేదు. నంజుకోవడానికి చట్నీ కూడా లేదు.

కారణమేమిటని అడిగాను. అడగకుండా ఉండాల్సింది, అంకెలు వచ్చి పడ్డాయి. 2019 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ వారి మహాసభ జరిగింది. దాదాపు 28,000 మంది వెళ్ళారు. వాళ్ళందరూ రానూపోనూ తిరిగిన దూరం కలిపితే 28.5 కోట్ల కిలోమీటర్లు. అంత దూరం ఒక్కడే పోతే సూర్యుడిదాకా వెళ్ళి, తిరుగు ప్రయాణంలో ఇల్లు ఇంకాస్త దూరం ఉందనగా దిగిపోవచ్చు. ఇందువల్ల గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు సుమారు 80,000 టన్నులు, తలకు మూడు టన్నుల లెక్కన. మన దేశంలో సగటు మనిషి, వాడి కరెంటు, వాడి బస్సు, వాడింటి సిమెంటు అన్నీ కలిపినా, ఏడాదికి వాడి వాటా రెండు టన్నుల దగ్గరే ఉంటుంది. వీళ్ళు ఒక్క వారానికి మూడు టన్నులు ఖర్చుపెట్టి చర్చించిన విషయాల్లో భూమి ఎందుకు వేడెక్కుతోందన్నది కూడా ఒకటి. ఆ మాట వినగానే మనస్సాక్షి మేల్కొని నేను లేచి వెళ్ళి ఏసీ కట్టేశాను. చలికాలం కాబట్టి అది అప్పటికే కట్టేసి ఉంది.

నేను లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషిని. ఎదుటివాడి అంకెల్లో తప్పు పట్టడమే నా వృత్తి, ప్రవృత్తి, పెన్షను. ఆవిడ అంకెల్ని తిరగేశాను, బోర్లేశాను, కూడాను, తీసేశాను. తప్పు దొరకలేదు. భార్య చెప్పింది అన్యాయమైతే పోట్లాడొచ్చు, న్యాయమైతే ఏం చెయ్యాలో ధర్మశాస్త్రాల్లో నాకెక్కడా కనబడలేదు.

ఇప్పుడు నాకు జరిగిన నష్టాల పట్టిక. విమానాల కాలంలో మా ఇంటికి దిగుమతులు ఉండేవి. హోటలు సబ్బులు, బొటనవేలంత షాంపూ సీసాలు, ఎయిర్‌పోర్టు చాక్లెట్లు, ఫ్రిజ్‌కు అతికించే బొమ్మలు, రెండు రోజులు రాసి మూడోరోజు మొండికేసే పెన్నులు, అన్నిటికన్నా ముఖ్యంగా సదస్సు సంచులు. మా కూరగాయలు ఇప్పటికీ ఖండాంతరాల సంచుల్లోనే ఇంటికొస్తాయి. 2017 జనవరిలో తిరుపతిలో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ సంచిలో బెండకాయలు తప్ప మరొకటి వెయ్యను, అది నియమం. ఆ సంచితోపాటు లడ్డూలు కూడా వచ్చాయి; మానవాళికి సూటిగా ఉపయోగపడిన సదస్సంటూ ఉంటే నా దృష్టిలో అదొక్కటే. ఇప్పుడు పచ్చదనం పేరుతో శాలువా బదులు, మెమెంటో బదులు మొక్క చేతిలో పెడుతున్నారు. జ్యోతి ప్రజ్వలన వాళ్ళది, ఫ్లెక్సీ వాళ్ళది, ఫోటో వాళ్ళది. బాల్కనీలో పొద్దున్నే చెంబు పట్టుకుని నిలబడేది మాత్రం నేను.

ఆవిడ ఊళ్ళో లేనప్పుడు ఈ ఇంట్లో మిరపకాయ బజ్జీకి పూర్తి పౌరసత్వం ఉండేది. ఆ విషయం విస్తరించి రాయడం నాకే క్షేమం కాదు. ఇందాక మనవి చేస్తానన్నది ఇదే.

ఇక ఆన్‌లైన్ సంగతి. శాన్‌ఫ్రాన్సిస్కోలో చలికాలపు ఉదయం ఎనిమిదిన్నర అయితే మనకు రాత్రి పది. అక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవలించే వేళకు మనకు కోడి కూస్తుంది. కనుక సభ జరిగినన్నాళ్ళూ ఇంట్లో రాత్రిపూట అత్యయిక స్థితి. కుక్కరు కుయ్యనకూడదు. మిక్సీ ముట్టకూడదు. తలుపు కిర్రుమంటే నూనె నేనే వెయ్యాలి, అదీ కిర్రుమనకుండా. తుమ్ము వస్తే వంటింట్లోకి వెళ్ళి, గుడ్డ అడ్డం పెట్టుకుని, విడతలవారీగా తుమ్మాలి. మా అత్తగారికి రాత్రి పదింటికి ఒక సీరియల్ ఉంది. అందులో కోడలు ఎన్నో ఏళ్ళుగా విషం కలిపిన పాలు తాగబోతూ ఉంది. శబ్దం తీసేసి చూడమన్నందుకు ఆవిడ "అల్లుడుగారూ, మీరు కూడానా?" అన్నారు. ఆ రెండు మాటల్లో ఎంత ఆవేదన ఉందో! పిల్లనిచ్చిన నాడు కూడా ఆవిడ కంట్లో అంత తడి చూడలేదు.

నా సొంత హాల్లో నేను నడిచే హక్కు కూడా పోయింది. మంచినీళ్ళకని ఒక రాత్రి కెమెరా ముందునుంచి వెళ్ళాను. బనియనూ, గళ్ళ లుంగీ, చేతిలో చెంబు. నార్వే నుంచి బ్రెజిల్ దాకా విద్వాంసులందరూ దర్శించారట. మర్నాటికి సోఫా చుట్టూ సుద్దముక్కతో నియంత్రణ రేఖ గీయబడింది. దాన్ని దాటకుండా ఫ్రిజ్ దగ్గరికి చేరాలంటే స్నానాల గది కిటికీ ఒక్కటే దారి.

పగలు జరిగే సభలైనా ప్రశాంతమా అంటే అదీ లేదు. మా వీధిలోకి వచ్చే ఉల్లిగడ్డల ఆటోకు ఒక మైకుంది. నైరుతి రుతుపవనాల ఆలస్యం మీద మా ఆవిడ కీలకమైన పటం తెరమీద పెట్టిన క్షణంలో అది కిలో ధర, మూడు కిలోల ధర ఘనంగా ప్రకటించింది. సభాధ్యక్షుడు మర్యాదగా "ఎవరో ప్రశ్న అడుగుతున్నట్టున్నారు" అన్నాడు. మా ఆవిడ నావైపు చూసింది. ఆటోవాణ్ణి పంపించింది నేనేనన్నట్టు.

అన్నిటికన్నా దుర్భరమైనది కాఫీ విరామం. సదస్సు విమానం ఎక్కడం మానింది గాని కాఫీ విరామం మానలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వాళ్ళు విరామం ప్రకటిస్తే హైదరాబాదులో నేను పాలు పొంగించాలి. అర్ధరాత్రి దాటాక విందు. విందంటే ఆవిడకు దోసెలు. ఆహ్వాన సంఘం, వసతి కమిటీ, భోజన ఉపసంఘం, పారిశుధ్య విభాగం, అన్నీ ఒక్కడే. కార్యక్రమ పత్రంలో చివర కృతజ్ఞతలు చెప్పిన పేర్లు చదివాను. సర్వరు కంపెనీ పేరుంది.

రైలు ప్రయాణాలు ఇంకో కాండ. ఢిల్లీకి విమానంలో రెండు గంటల చిల్లర. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒక పగలు, ఒక రాత్రి. పూర్వం టికెట్టు 120 రోజుల ముందు తీసుకునే వీలుండేది, 2024 నవంబరు నుంచి దాన్ని 60 చేశారు. సదస్సువాళ్ళేమో పేపరు అంగీకరించామన్న కబురు సరిగ్గా బెర్తులన్నీ నిండాక పంపుతారు. ఇక తత్కాల్. ఏసీకి ఉదయం పదింటికి తెరుస్తారు కదా, తొమ్మిదీ యాభై నుంచి ఇంటిల్లపాదీ తలో ఫోనూ పట్టుకుని, వేళ్ళు బిగించి, ఊపిరి బిగించి, కులదైవాన్ని తలుచుకుని కూర్చుంటాం. పదీ రెండుకు వెయిటింగ్ లిస్టు. దాని తర్వాత పులిహోర, దద్దోజనం, కారప్పొడి, మందులు, దుప్పటి, తాళం, గొలుసు. తెల్లవారకముందే స్టేషను. ఆవిడేమో ఢిల్లీ నుంచి నవ్వుతూ దిగుతుంది. రైల్లో ఇద్దరు విద్యార్థుల థీసిస్‌లు దిద్దేశానంటుంది, ఎదుటి బెర్తు ఆవిడ దగ్గర గోంగూర రొయ్యల కిటుకు నేర్చుకున్నానంటుంది. మా ఎదురింటి పెద్దమనిషికి ఈ సూక్ష్మాలు పట్టవు. "మేడంగారికి ఈమధ్య విదేశాలు తగ్గినట్టున్నాయే?" అని సానుభూతిగా అడుగుతాడు. నా సామాజిక ప్రతిష్ఠ స్లీపరు క్లాసుకు దిగిపోయింది.

ఇంత జరిగినా నేను ధైర్యం కోల్పోలేదు. కోల్పోయేలా చేసింది ఆవిడ ఆరాధించే మహానుభావుల పట్టిక. కెవిన్ ఆండర్సన్ అని మాంచెస్టర్‌లో ఒక వాతావరణ శాస్త్రవేత్త ఉన్నాడు. ఆయన 2011లో ఇంగ్లండు నుంచి షాంఘై దాకా రైల్లో వెళ్ళాడు, సదస్సు కోసం. హైదరాబాదు నుంచి యూరపుకు రైలు లేకపోవడం ఒక్కటే నాకిప్పుడు మిగిలిన రక్షణ. జియాన్లూకా గ్రిమాల్డా అని ఇంకో పరిశోధకుడు. పాపువా న్యూ గినీలో పరిశోధన ముగించుకుని, జర్మనీకి విమానంలో వెంటనే రమ్మన్న సంస్థ మాట కాదని, ఓడలు, బస్సులు, రైళ్ళలోనే వస్తానని పట్టుబట్టాడు. 2023 అక్టోబరులో ఉద్యోగం పోయింది. ఈ కథ చెబుతున్నప్పుడు మా ఆవిడ కళ్ళు మెరిశాయి. ఇంటిలోను వాయిదాల పుస్తకం తీసి మెల్లిగా ఆవిడ ముందు పెట్టాను.

నేనూ ఊరుకోలేదు, అడ్డం ప్రశ్నలు వేశాను. "నలుగురినీ కలవకపోతే విద్య ఎలా పెరుగుతుంది?" అన్నాను, గురుకులాల్ని కూడా ప్రస్తావించాను. దానికి ఆవిడ దగ్గర సమాధానాలు బీరువా నిండా ఉన్నాయి. 2010లో మన హైదరాబాదులో ప్రపంచ గణిత మహాసభ జరిగింది గుర్తుందా అంది. గుర్తుంది. 2022 సభ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగాల్సింది, యుద్ధం మూలాన బహుమతులు హెల్సింకీలో ఇచ్చి ఉపన్యాసాలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టారు, లెక్కలు ఏమైనా ఆగిపోయాయా అంది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు తమ అధ్యాపకుల ప్రయాణాలు పరీక్షించి 2019లో తేల్చిందేమిటంటే, ఎక్కువ ఎగిరినంత మాత్రాన విద్వత్తు పెరిగిన దాఖలా లేదు. జీతానికీ ఎగరడానికీ మాత్రం సంబంధం కనబడింది. పర్యావరణం మీద పనిచేసేవాళ్ళు మిగతావాళ్ళకన్నా తక్కువేమీ ఎగరడం లేదని కూడా తేలింది. ఈ చివరి వాక్యం నాకు బాగా నచ్చింది. నచ్చినట్టు కనబడకుండా ఉప్పు డబ్బా సర్దుకున్నాను.

ఇక్కడ నా వృత్తిధర్మం నిద్రలేచింది. ఇంతమంది పండితులు ఇంత ఇంధనం తగలెయ్యడానికి ఎక్కడో ఒక ఫైలు కారణమై ఉండాలని నాకు అనుమానం. దొరికింది. యూజీసీ 2018 నిబంధనల్లో మార్కుల పట్టిక ఉంది. సదస్సులో పత్రం చదివితే, అది అంతర్జాతీయమై విదేశంలో జరిగితే 7, అంతర్జాతీయమే గాని మన దేశంలోనైతే 5, జాతీయమైతే 3, రాష్ట్రం లేదా యూనివర్సిటీ స్థాయిదైతే 2. చూశారా అయ్యలారా, అమ్మలారా! అదే పత్రం, అవే పటాలు, అదే దగ్గు, అదే మంచినీళ్ళ గ్లాసు. సరిహద్దు దాటితే రెండు మార్కులు పైన. ఏడుకూ అయిదుకూ మధ్య ఉన్న ఆ రెండు మార్కుల్లోనే ఉంది విమానం మొత్తం. ఎన్ని టన్నులన్న గడి ఆ పట్టికలో లేదు. ఆడిట్‌లో ఇలాంటిది దొరికితే మేం ఎర్ర సిరాతో పేరా రాసేవాళ్ళం. కుర్ర లెక్చరరు ప్రమోషను కోసం అప్పుచేసి బ్యాంకాక్ వెళ్ళాడంటే వాణ్ణి నేనేమీ అనను. ఆ పట్టిక రాసినవాళ్ళ ఇంటిముందు ఉల్లిగడ్డల ఆటో నిలబెట్టిస్తాను, మైకుతో సహా.

ఇంకో అన్యాయం కూడా ఉంది, అది జాతి గౌరవానికి సంబంధించింది. శాన్‌ఫ్రాన్సిస్కో సభకు అందరికన్నా ఎక్కువ పొగ ఖర్చయ్యేవాళ్ళు, అంటే ముఖ్యంగా దూరాభారంవాళ్ళు, మూడోవంతు చిల్లర ఆన్‌లైన్‌కు మారితే చాలు, కాలుష్యం మూడొంతులు తగ్గుతుందట. లెక్క బ్రహ్మాండం. కానీ దూరం ఎవరికండీ? కాలిఫోర్నియావాడికా? సభ వాళ్ళూళ్ళో, జాగరణ మనూళ్ళో. ఇది చెబితే మా ఆవిడ మొదటిసారిగా "మీరన్నది నిజమే, అందుకే పెద్ద తలకాయలు ఇంట్లో కూర్చుని, ఎప్పుడూ గడప దాటని పిల్లల్ని పంపాలి" అంది. ముప్ఫయ్యేళ్ళ దాంపత్యంలో "మీరన్నది నిజమే" అన్న మాట విని నేను కాసేపు ఏమీ తినలేకపోయాను.

తాజా పరిణామం నివేదించి సెలవు తీసుకుంటాను. ఈ జాగరణకు విరుగుడుగా కొత్త పద్ధతి వచ్చింది. ఒకే మహాసభ బదులు ప్రాంతానికో కేంద్రం. దగ్గరివాళ్ళు రైళ్ళలో, బస్సుల్లో అక్కడికి చేరతారు, కేంద్రాలన్నీ తెరలమీద కలుసుకుంటాయి. వినగానే నా ప్రాణం లేచొచ్చింది. సభ హాలు దాటి పోతుంది! కాఫీ ఇంకెవరో పెడతారు! సంచులు తిరిగొస్తాయి! నేనే ముందు పడి మద్దతు ప్రకటించాను, మా అత్తగారి చేత బలపరిపించాను. కేంద్రం హైదరాబాదే అయింది. వరంగల్ నుంచి, అనంతపురం నుంచి, విశాఖ నుంచి ప్రతినిధులు రైళ్ళకు టికెట్లు కూడా తీసుకున్నారు. యూనివర్సిటీ గెస్ట్‌హౌస్ నిండిపోయిందట. హోటలు గదుల ఏసీలకూ కార్బన్ లెక్క ఉందట. "మనింట్లో రెండు గదులు ఖాళీయేగా" అంది మా ఆవిడ. అత్తగారి మంచం హాల్లోకి వచ్చింది. వచ్చేవాళ్ళలో ఒకాయన ఉల్లీవెల్లుల్లీ ముట్టరు, ఇంకొకాయన తెల్లవారుజామున నాలుగింటికి ప్రాణాయామం చేస్తారు, మూడో ఆయనకు పంపునీళ్ళు పడవు. నాకు మాత్రం ఈసారి మెడలో వేసుకునే బ్యాడ్జీ ఇస్తున్నారు. దానిమీద "వాలంటీర్" అని ఉంటుందట.